తమ్ముడి వేలు తగిలిన బొమ్మ

పొద్దున్నే పాలు పితికి వచ్చాక టిర్జా ఇదివరకు వెంటనే పాలగదిలోకి వెళ్ళేది కాదు. పాలబిందె వంటింటి గడప పక్కన దించి, ముక్కాలి పీట అక్కడే వేసుకుని, కూతురు ఆల్మైరాను మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని జడలు వేసేది. పిల్ల ఒళ్ళో పుస్తకం పెట్టుకుని, ముందురోజు బళ్ళో చెప్పిన పాఠం పైకి చదివేది. చదువుతూ చదువుతూ తల ముందుకు వాల్చేసేది. తల్లి జడ పట్టుకుని వెనక్కి లాగేది.

"అబ్బా! నేనేమన్నా గుర్రాన్నా అమ్మా, అలా గుంజుతావు?"

"గుర్రమైతే ఈపాటికి బండి లాగేది. నువ్వు మాటలు తప్ప ఏం లాగుతావే?"

ఈలోగా బిందెలో పాల నురగ దిగేది.

ఇప్పుడు బిందె తిన్నగా పాలగదిలోకి పోతోంది. నురగ దిగకముందే పాలు వడగట్టి పళ్ళేలలో పోసేస్తోంది. దాంతో తక్కిన పనులన్నీ ఆ కాసేపు ముందుకు జరిగాయి. మొక్కజొన్న జావ ముందే కాగిపోతోంది, కోళ్ళకు ముందే మేత పడుతోంది, పొలం నుంచి మొగుడు రాకముందే బల్ల మీద గిన్నెలు పెట్టి ఉంటున్నాయి. అంత మిగిలిన పొద్దును ఏం చేసుకోవాలో ఆమెకు తెలియడం లేదు. పని ఎక్కువై అలిసిపోవడం చిన్నప్పటి నుంచీ ఎరుగును. పని తరిగి అలిసిపోవడం ఈ ఏడే చూసింది.

ఆల్మైరా ఫిబ్రవరిలో పోయింది. తొమ్మిదేళ్ళ పిల్ల. గొంతు జబ్బు ఆ చలికాలం వెర్మాంట్ కొండల్లో ఇల్లు వదలకుండా తిరిగింది. తమ్ముడు ఆరిన్‌కీ వచ్చింది. నాలుగేళ్ళవాడు, ఎముకల గూడై లేచి కూర్చున్నాడు. బళ్ళో మంచి నోరున్న పిల్ల అని పేరు తెచ్చుకున్న ఆల్మైరా ఆరు రోజులు మాట పెగలక, ఏడో రోజు వెళ్ళిపోయింది. అప్పుడు నేల ఇనుములా గడ్డకట్టి ఉంది. గడ్డపార దిగదు. అందుకని ఊళ్ళో ఆ శీతాకాలం పోయినవాళ్ళందరితో పాటు ఆ పిల్ల పెట్టెనూ శ్మశానం అంచున ఉన్న రాతి గదిలో పెట్టారు. మంచు కరిగి, మే నెల మొదట్లో తవ్వడానికి వీలయ్యాక గానీ మట్టి చేయలేదు. దుఃఖం రెండుసార్లు పడవలసి వచ్చిందని టిర్జా అనుకుంది. పైకి మాత్రం ఎవరితోనూ అనలేదు. అందరిదీ అదే వరస కదా.

టిర్జా ఎప్పుడూ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. తోళ్ళు పదును చేసేవాడి కూతురు. ఆరేళ్ళప్పుడు తల్లి పోయింది. రెండు చలికాలాలు బడికి వెళ్ళింది, అచ్చు అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది, సంతకం దగ్గర తడబడుతుంది. పన్నెండో ఏట పరాయి ఇళ్ళలో పనికి కుదిరి, ఇరవై రెండో ఏట జేబెజ్ థాయర్ ఇంటికి పాలపనికి వచ్చి, ఆ ఏడాది ఆఖరుకు అతని భార్యగా అదే ఇంటి కోడలైంది. ఆమె తీసిన వెన్నకు బజారులో పేరుంది. ఆమె మీగడ తీశాక మిగిలిన పాలు నీలంగా ఉంటాయని, దూడలు కూడా అలుగుతాయని ఆడపడుచు ప్రూడెన్స్ వేళాకోళం చేస్తుంది.

తల్లి ముఖం టిర్జాకు గుర్తులేదు. ఇది ఆమె జీవితంలో ఒక చిన్న సంగతి, ఎవరికీ చెప్పుకోనిది. ఉన్ని వడికే వేళ్ళు గుర్తున్నాయి, దగ్గు గుర్తుంది, మెడ మీద పులిపిరి కూడా గుర్తుంది. ముఖం ఉండవలసిన చోట ఏమీ లేదు. ఎంత తడుముకున్నా లేదు. ఫొటోలు ఆ కొండల దాకా రాని రోజులవి. కలవాళ్ళు రంగుల బొమ్మలు వేయించుకునేవారు. తక్కినవాళ్ళ ముఖాలు వాళ్ళతోనే పోయేవి.

అందుకే ఆల్మైరా బొమ్మ ఒకటి ఇంట్లో ఉండటం ఆమెకు అంత పెద్ద సంగతి అయింది.

అది కిందటి జులైలో గీసింది. గడియారాలు బాగుచేసే మనిషి ఒకాయన ఎండదెబ్బ తగిలి వాళ్ళ కొట్టంలో మూడు రోజులు పడుకున్నాడు. లేచాక ఊరికే పోవడం ఇష్టం లేక, సంచీలోంచి కాగితం, పెన్సిలు తీసి పిల్లలిద్దర్నీ పెరటి మెట్టు మీద కూర్చోబెట్టాడు. గడ్డి కోతల రోజులు. ఇంట్లో ఎవరికీ ఊపిరాడటం లేదు. ఆ పొద్దున టిర్జా ఒక జడే వేసి, రెండోది వేసే తీరిక లేక వదిలేసింది. కాగితంలోనూ అంతే. ఒక పక్క జడ, ఒక పక్క విరబోసిన జుట్టు. పిల్లాడు కదలకుండా ఉండాలని ఆల్మైరా వాడి మెడ చుట్టూ చెయ్యి వేసి బిగించింది. వాడి ఒంటి మీద అక్క వదిలేసిన గౌనే. ఇంకా లాగులు వేసే వయసు రాలేదు. కోడిపుంజు కనబడగానే వాడు లేచి పరిగెత్తాడు. అందుకని బొమ్మలో వాడి చేతులు మణికట్టు దగ్గరే ఆగిపోయాయి. కానీ ఆల్మైరా ముఖం మాత్రం పూర్తిగా వచ్చింది. నవ్వు ఆపుకుంటూ పెదవి కొరుక్కునే ముఖం. చర్చిలో పాస్టరు గారి ప్రసంగం సాగినప్పుడల్లా తల్లి చేత గిల్లించుకునే ముఖం.

ప్రూడెన్స్ ఆనాడు దాన్ని దూరంగా పట్టుకుని చూసింది. "పిల్లను చక్కగా దువ్వి కూర్చోబెట్టి ఉండొచ్చు కదా టిర్జా? దయ్యం పట్టినదానిలా ఉంది."

"నీ బొమ్మ కూడా గీయిస్తాను వదినా, జుట్టు బాగా దువ్వి."

"నా బొమ్మా! నా ముక్కు దాకా వచ్చేసరికి ఆయన పెన్సిలు అరిగిపోతుంది."

బొమ్మ బైబిలులో దాచారు. చలికాలం వచ్చింది. జబ్బు వచ్చింది. ఆ తర్వాత ఆ కాగితం తప్ప ఆ పిల్ల ఎలా ఉంటుందో చెప్పేది ఇంట్లో ఏదీ లేకుండా పోయింది.

ఆరిన్ మంచం దిగిన దగ్గర్నుంచీ అక్క ఏదని అడిగాడు. ఎవరూ తిన్నగా చెప్పలేకపోయారు. ఒకరోజు ప్రూడెన్స్ బైబిలు తెరిచి, "ఇదిగో నీ అక్క, ఇక్కడ కూర్చుని ఉంది, చూసుకో" అంది. వాడు చూసుకున్నాడు. అప్పటి నుంచీ పొద్దున్నే, అమ్మ పాలగదిలో ఉన్నప్పుడు, అత్త చేత బైబిలు తెరిపించుకుని అక్కకు కబుర్లు చెప్పడం మొదలుపెట్టాడు. ఎర్రావు ఈనింది. నాన్న బొటనవేలికి సుత్తి తగిలింది. నేను జావంతా తాగేశాను. ప్రతి కబురుకీ అక్క చెంప మీద వేలు పెట్టేవాడు. ఆమె బతికుండగా చెవిలో రహస్యం చెప్పేముందు అలాగే చెంప పట్టుకుని తన వైపు తిప్పుకునేవాడు. వింటుందో లేదో అని వాడి అనుమానం.

పెన్సిలు గీత ఎన్నాళ్ళు నిలుస్తుంది? మట్టి చేసి వచ్చిన వారం టిర్జా బైబిలు తెరిచేసరికి ఆల్మైరా ముఖం ఉన్నచోట బూడిద రంగు మసక ఉంది. ఒక కన్ను మిగిలింది. విరబోసిన జుట్టు మిగిలింది. కొరుక్కున్న పెదవి పోయింది.

"ఎవరు చేశారిది? ఎవరు?"

ఆమె గొంతు అంత పెద్దగా లేస్తుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆరిన్ బల్ల కిందకు దూరాడు.

"నేను అక్కతో మాట్లాడాను" అన్నాడు అక్కణ్ణుంచే.

"వాణ్ణి ఏమీ అనకు" అంది ప్రూడెన్స్. ఆమె ముఖం పాలిపోయింది. "అనాలంటే నన్ను అను. నేనే తెరిచి ఇచ్చాను. వేలుతో పోతుందని ఈ ముసలి బుర్రకి తట్టలేదు."

టిర్జా ఎవరినీ ఏమీ అనలేదు. బొమ్మను పాత పలకల మధ్య పెట్టి గడియారం పైన, పిల్లాడికి అందనిచోట పెట్టింది. వాడు మూడు రోజులు అడిగాడు. నాలుగో రోజు అడగలేదు. అయిదో రోజూ అడగలేదు. తాను కూడా తల్లి కోసం ఎన్నాళ్ళు అడిగి మానేసిందో టిర్జాకు ఆ రాత్రి లెక్క తేలలేదు.

జూన్‌లో జేబెజ్ మిల్లు నుంచి ఒక కబురు పట్టుకొచ్చాడు. అతను మంచివాడు, మాటలు తక్కువ, మంచి కబురును కూడా చెడ్డ కబురులాగే చెబుతాడు.

"చర్చి పెద్ద, డీకన్ గారింట్లో రంగుల బొమ్మలాయన దిగాడు. పోయిన వాళ్ళ ఫీబీ బొమ్మ వేశాడట. మన కాగితం సంగతి చెప్పాను. మంగళవారం వస్తానన్నాడు. వారం రోజులు మన ఇంట్లో తిండి, ఆయన గుర్రానికి గడ్డి, అంతే అడిగాడు."

"ముఖం పోయిందని చెప్పారా?"

"చెప్పాను. పోతే తెప్పిస్తానన్నాడు. ఆ మసకంతా ఎత్తేసి, కొత్తగా గీసి, అది చూసి రంగుల బొమ్మ వేస్తాడట. దానికి గోధుమ రొట్టె కావాలట."

"తినడానికా?" అంది ప్రూడెన్స్.

"తుడవడానికి. లోపలి మెత్తన తీసి ఉండ చేసి రుద్దితే పెన్సిలు మచ్చ ఎత్తుకొస్తుందట. మన రై రొట్టె పనికిరాదు, గరుకు, కాగితం చిరుగుతుంది. తెల్ల రొట్టె కావాలి, మూడు రోజులది. శనివారం కాలిస్తే సరిపోతుంది అన్నాడు."

ప్రూడెన్స్ కళ్ళు తుడుచుకుంది. "పోనీలే, భగవంతుడు ఆయన్ని పంపాడు. రెండో జడ కూడా వేయమని చెప్పు. నల్ల గౌను వద్దు, ఎర్రది వేయమను. ఆ పిల్లకి ఎరుపంటే ఎంత ఇష్టమో!"

టిర్జా బల్ల మీది గిన్నెలు ఎత్తింది. ఆమెకూ కావాలి. ఎంత కావాలో చెప్పడం కూడా ఆమెకు రాదు. శుక్రవారం వెన్న ఇవ్వాలనే వంక పెట్టుకుని డీకన్ గారింటికి నడిచి వెళ్ళింది.

డీకన్ గారి భార్య హల్డా ఆమెను ముందుగదిలోకి తీసుకెళ్ళింది. బొమ్మ పొయ్యి పైన గోడకుంది, పెద్దది. ఎర్ర గౌను, తెల్ల కాలర్, చేతిలో తల వాల్చిన గులాబీ, వెనక కొమ్మలు నేలకు వాలి ఏడుస్తున్నట్టుండే చెట్టు. బుగ్గలు నున్నగా, పెదవులు చిన్నగా మూసి ఉన్నాయి. ఫీబీని టిర్జా బాగా ఎరుగును. ఆల్మైరా బెంచీ మీదే కూర్చునేది. టర్కీ కోడి గుడ్డు మీద ఉన్నన్ని చుక్కలుండేవి ఆ పిల్ల ముఖాన. మంచు మీద జారే బండి మీంచి పడి ముందుపన్ను సగం విరిగింది. ఆ సందులోంచి ఈల వేసి తండ్రి చేత తిట్లు తినేది.

బొమ్మలాయన కిటికీ దగ్గర రంగులు నూరుకుంటున్నాడు. సన్నగా, వంగి, దగ్గుతూ ఉన్న మనిషి. పక్కన గోడకు ఆనించి ఇంకో మూడు బొమ్మలున్నాయి. మూడింటికీ గౌన్లు, చేతులు, చెట్టు, గులాబీ పూర్తయ్యాయి. తలలు లేవు.

"చలికాలం ఖాళీగా ఉన్నప్పుడు వేసిపెట్టుకుంటానమ్మా" అన్నాడు ఆయన ఆమె చూపు చూసి. "ఊరు చేరాక ముఖాలు పెడతాను. మీ పిల్లవి కళ్ళు ఏ రంగు?"

"బూడిద."

"నీలం పెడదాం. బూడిద రంగు బొమ్మలో జబ్బుగా కనిపిస్తుంది. ముక్కు?"

టిర్జాకు ముక్కు ఎలా చెప్పాలో తెలియలేదు. ముక్కు ముక్కులాగే ఉండేది. "మామూలే" అంది.

"చాలు. రొట్టె మాత్రం మర్చిపోకండి, వెన్న తగలనిది. మసక మొత్తం ఎత్తేస్తాను. మీ పిల్లాడి వేలి జాడ ఎక్కడా మిగలదు."

హల్డా ఆమెను వాకిలి దాకా సాగనంపడానికి వచ్చింది. మెట్ల మీద ఆగింది.

"బాగుందా బొమ్మ?"

"బాగుంది అక్కా."

"అందరూ అదే అంటున్నారు. పాస్టరు గారు కన్నీళ్ళు పెట్టుకున్నారు. మా ఆయనకైతే అదంటే ప్రాణం, రోజూ దాని ముందు కూర్చునే భోంచేస్తున్నారు." హల్డా ఏప్రన్ అంచు వేళ్ళకు చుట్టుకుంది. "నీతో అంటే ఫరవాలేదు టిర్జా, నువ్వు మాటలు మోసుకు తిరిగే మనిషివి కాదు. ఇది రాకముందు కళ్ళు మూసుకుంటే నా పిల్ల వచ్చేది. పన్ను విరగ్గొట్టుకుని, మోకాలు చెక్కేసుకుని, దొంగముఖం వేసుకుని వచ్చేది. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఈవిడ వస్తోంది."

"ఎవరు?"

"ఈవిడే. గులాబీ పట్టుకుని. ఎంత పొమ్మన్నా పోదు. ఎవరి పిల్లో ఏమిటో, నా ఇంట్లో కూర్చుంది."

తిరుగుదారిలో టిర్జా రెండుసార్లు రాతి గోడల మీద కూర్చుంది. ఒక మైలు దూరానికి ఎప్పుడూ కూర్చునేది కాదు.

ఆ సాయంత్రం పొద్దు ఉండగానే గడియారం మీంచి పలకలు దించింది. ఆరిన్ దూరంగా నిలబడి, రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

"రా నాన్నా."

"నేను ముట్టుకోలేదు."

"తెలుసురా. ఇప్పుడు ముట్టుకో."

"చెరుగుతుంది. నువ్వు అరుస్తావు."

"అరవను. కబుర్లేమైనా ఉన్నాయా అక్కకి చెప్పాల్సినవి?"

వాడు కాగితం వైపు, తల్లి వైపు చూశాడు. మర్చిపోయాడేమోనని టిర్జా భయపడింది. వాడు దగ్గరకొచ్చి, వేలు ముందుకు చాచి, మసక మీద పెట్టీ పెట్టనట్టు పెట్టాడు.

"అక్కా, దూడకి కొమ్ములొస్తున్నాయి. రెండు. ఒకటి కొంచెం పెద్దది. అత్త పిల్లిని తన్నింది, పాపం అని మళ్ళీ పాలు పోసింది. నేను చెట్టెక్కాను, కొంచెమే. నాన్నకి చెప్పకు. నాకు లాగులు కుడుతున్నారు." తలెత్తి తల్లిని చూశాడు. "అమ్మా, అక్క నవ్వాపుకుంటోంది."

టిర్జా కాగితం వైపు చూసింది. అక్కడ బూడిద తప్ప ఏమీ లేదు. వాడికి మాత్రం కనబడుతోంది. అబద్ధం ఆడే వయసు కాదు వాడిది.

శనివారం రొట్టెల రోజు. ఆదివారం పొయ్యి వెలిగించరు కాబట్టి రెండు రోజుల తిండి ఆరోజే అవ్వాలి. టిర్జా తెల్లవారుతూనే రొట్టెలు కాల్చే ఇటుకల బట్టీలో కట్టెలు పేర్చి మండించింది. ప్రూడెన్స్ ముందే లేచి, పెద్ద పండక్కి తప్ప తెరవని గోధుమపిండి పీపా తెరిచి, రెండుసార్లు జల్లించి, చెక్క తొట్టిలో పోసి, మీద శుభ్రమైన గుడ్డ కప్పింది. పక్కన పులిసిన ముద్ద గిన్నెలో పెట్టింది. ఇక నీళ్ళు పోసి పిసకడమే మిగిలింది. రొట్టె పిసకడం టిర్జా పని. ప్రూడెన్స్ చేతులు కీళ్ళవాతంతో ముడుచుకుపోయాయి.

టిర్జా రై పిండి, మొక్కజొన్న పిండి కలిపి నల్లరొట్టెలు చేసింది. చిక్కుడుగింజల కుండలో పందికొవ్వు ముక్క, బెల్లప్పాకం వేసి మూత పెట్టింది. ఎండు ఆపిల్ ముక్కలు కూరిన రొట్టెలు రెండు పళ్ళేలలో సిద్ధం చేసింది. బట్టీలో నిప్పులు లాగేసి, బూడిద తడిచీపురుతో ఊడ్చి, లోపల చెయ్యి పెట్టి వేడి చూసుకుంది. కుండ వెనక్కి తోసింది, రొట్టెలు మధ్యలో పెట్టింది, పళ్ళేలు ముందు పెట్టింది.

"ఇదెప్పుడు పిసుకుతావే?" అంది ప్రూడెన్స్ తొట్టి చూపిస్తూ. "పొంగడానికి టైము పట్టదా? బట్టీ చల్లారిపోతుంది."

"చల్లారనీ వదినా."

"ఏం మాటది? మంగళవారం ఆయనొస్తాడు!"

"వస్తే నల్లరొట్టె పెడదాం. ఆకలితో ఉన్న మనిషిలా ఉన్నాడు, తింటాడు."

"తుడవడానికి?"

"తుడవక్కర్లేదు."

ప్రూడెన్స్ కుర్చీలో కూలబడింది. అలికిడికి జేబెజ్ వాకిట్లోంచి లోపలికొచ్చాడు. బూట్లకు పేడ ఉంది, ఎవరూ ఏమీ అనలేదు.

"నిన్న డీకన్ గారింటికి వెళ్ళి ఏం చూశావు?" అన్నాడు.

"బొమ్మ చూశానండీ. బాగుంది. మన పిల్ల కాదు."

"మన పిల్లను ఆయనింకా వేయలేదు కదే."

"వేస్తే అలాగే వేస్తాడు. గౌను ముందే కుట్టి పెట్టుకున్నాడు." ఆమె బట్టీ మూతకు ఆనుకుని నిలబడింది. "కళ్ళు నీలం చేస్తాడట. మీకు అభ్యంతరం లేదా?"

జేబెజ్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. కూతురి కళ్ళు గుర్తు తెచ్చుకుంటున్నాడో, గుర్తుకు రాకే ఊరుకున్నాడో ఆమెకు తెలియలేదు.

"ముఖం లేకుండానే ఉంచుకుంటావా, టిర్జా? రేపు పిల్లాడు పెద్దయ్యాక మా అక్క ఎలా ఉండేదని అడిగితే ఏం చూపిస్తావు?"

"వాడు చెరిపినంత మేర చూపిస్తాను. నీ వేలేరా అని చెబుతాను." చేతికంటిన పిండి ఏప్రన్‌కు తుడుచుకుంది. "మా అమ్మ ముఖం నాకు లేదండీ. కనీసం నేను తాకి తాకి చెరిపేసిందైనా కాదు. ఊరికే పోయింది."

"పిచ్చి మాటలు" అంది ప్రూడెన్స్. కోపం లేదు ఆ గొంతులో. "రెండుసార్లు జల్లించాను పిండి. ఈ చేతుల్తో. పురుగు పడుతుంది."

"నాకు ఓపిక లేదు వదినా."

ఆ ఇంట్లో ఆమె నోట ఆ మాట ఎవరూ వినలేదు, పురుటి మంచం మీద కూడా. ప్రూడెన్స్ లేచి, పిండిని తిరిగి పీపాలో పోసేద్దామని తొట్టి అంచు పట్టుకుంది, వేళ్ళు సహకరించక వదిలేసింది. జేబెజ్ టోపీ పెట్టుకుని పొలానికి వెళ్ళిపోయాడు.

బట్టీలో నల్లరొట్టె వాసన మొదలైంది. చేయి పెట్టి చూస్తే తెల్లరొట్టెకు కావలసిన వేడి ఇంకా ఉంది, ఒక గంట ఉంటుంది. టిర్జా చూడలేదు. బల్ల తుడిచింది, చేతులు కడుక్కుంది, తొట్టిని అలాగే గుడ్డ కింద వదిలి, గోడవార బెంచీ మీద కూర్చుంది.